పింఛను ఇక్కడ, మనిషి అక్కడ

కావలిలో హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరైన ఒకాయన్ని ఊహించుకుందాం. నెలకు 50 వేల పింఛను. డాలస్‌లో ఉండే కొడుకు సిటిజన్ అయ్యాక అమ్మానాన్నలకు గ్రీన్‌కార్డు పెట్టాడు, వచ్చేసింది, ఇక అక్కడే ఉండిపోదామని ఇద్దరూ అనుకున్నారు. ట్రంకు రోడ్డు మీద ఎవరు ఎదురుపడినా ముందు అడిగేది ఒకటే: "మరి పెన్షన్ అక్కడికి ఎట్టా తెప్పించుకుంటారు సార్?"

అడగడంలో తప్పు లేదు గానీ అసలు చిక్కు అక్కడ లేదు. పింఛను డబ్బు దేశం దాటడానికి దారి ఎప్పటినుంచో ఉంది, దానికి పరిమితి కూడా లేదు. మనిషి దేశం దాటాడన్న సంగతి ఎవరికి చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, చెబితే ఏం మారుతుంది అన్న దగ్గరే తడబాటు అంతా. ఎందుకంటే ఈ వ్యవహారంలో నలుగురున్నారు, ఒకరి లెక్క ఇంకొకరికి పట్టదు. ట్రెజరీకి ఈయన బతికున్నాడా లేడా అన్నది కావాలి. బ్యాంకుకు ఏ ఉద్దేశంతో వెళ్ళాడన్నది కావాలి. ఇన్‌కంటాక్స్ వాళ్ళకు ఈ దేశంలో ఎన్ని రోజులున్నాడన్నది కావాలి. అమెరికా వాళ్ళకైతే చేతిలో ఏ కార్డు ఉందో చూస్తే చాలు. ఒకే మనిషి ఒకే ఏడాదిలో బ్యాంకు దృష్టిలో ఎన్నారై, ఇన్‌కంటాక్స్ దృష్టిలో స్థానికుడు కావచ్చు. వినడానికి వింతగా ఉన్నా చట్టాలు అలాగే ఉన్నాయి.

ముందు అసలు ఆ డబ్బు పంపించుకోవాలా అన్నది చూద్దాం. డాలరు 85 రూపాయలు వేసుకున్నా, అంతకు మించి వేసుకున్నా 50 వేల పింఛను 600 డాలర్లకు చేరదు. నెల్లూరులో మొగుడూ పెళ్ళాం అద్దె కట్టుకుని, మందులు కొనుక్కుని, పనిమనిషికిచ్చి, పెళ్ళిళ్ళకు చదివింపులు చదివించి కూడా మిగుల్చుకునే డబ్బు అది. అమెరికాలో దాని విలువ ఏమాత్రమో ఒక్క లెక్కతో తెలుస్తుంది. అక్కడ 65 దాటినవాళ్ళకు మెడికేర్ అనే ప్రభుత్వ వైద్య బీమా ఉంది, అక్కడ ఉద్యోగం చేసి పన్ను కట్టనివాళ్ళు గ్రీన్‌కార్డుతో వరసగా 5 ఏళ్ళు ఉన్నాక దాన్ని కొనుక్కోవచ్చు. ఆసుపత్రి ఖర్చు చూసుకునే మొదటి భాగానికే 2025లో నెలకు 518 డాలర్లు, డాక్టరు ఫీజుల భాగానికి ఇంకో 185. అంటే ఒక మనిషి పింఛను మొత్తం ఒక మనిషి బీమాకు కూడా చాలదు. ఇక్కడ పనికొచ్చే ఉద్యోగుల హెల్త్ స్కీము కార్డు అక్కడ పనిచేయదు. కాబట్టి, పిల్లలు భరించగలిగితే, పింఛనును ఇక్కడే ఉంచి వచ్చినప్పుడల్లా ఇక్కడే ఖర్చు పెట్టుకోవడం మేలు అనిపిస్తుంది. పంపక తప్పనివాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళ సంగతి కిందికి వస్తుంది.

విజిటర్ వీసా మీద ఆరేసి నెలలు వెళ్ళొచ్చేవాళ్ళకు ఇందులో దాదాపు ఏదీ వర్తించదు. కోడలి పురుడు పోసో మనవణ్ణి చూసుకునో తిరిగొచ్చే మనిషి చుట్టపుచూపుగా వెళ్ళినట్టే లెక్క. సేవింగ్స్ ఖాతా అలాగే ఉంటుంది, పన్ను లెక్కా మారదు. అక్కడ డబ్బు కావాల్సి వస్తే స్థానికులకు ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపుకునే వెసులుబాటు రిజర్వు బ్యాంకు ఇచ్చింది, ఏడాదిలో 10 లక్షల రూపాయలు దాటిన భాగం మీదే ముందస్తు పన్ను పట్టుకుంటారు, అదీ రిటర్ను వేస్తే తిరిగొస్తుంది. పింఛనుదారులు ఆ గీత దగ్గరికి పోవడం అరుదు.

వీళ్ళకు కష్టమల్లా సిమ్ కార్డుతో. ప్రీపెయిడ్ సిమ్‌ను వరసగా 90 రోజులు వాడకపోతే కంపెనీ ఆపేయొచ్చు. ఖాతాలో 20 రూపాయలుంటే అది కోసుకుని ఇంకో 30 రోజులు పొడిగిస్తారు, అదీ లేకపోతే నంబరు పోతుంది, కొన్నాళ్ళకు వేరేవాళ్ళకు ఇచ్చేస్తారు. ఆ నంబరుకే ఆధార్, ఆ నంబరుకే బ్యాంకు, ఓటీపీలన్నీ దానికే. డాలస్‌లో కూర్చుని నెల్లూరు సిమ్ బతికించుకోవడం పింఛను బతికించుకోవడంలో సగం పని. బయల్దేరే ముందే రోమింగ్ పెట్టించుకోవాలి, ఊళ్ళో ఉండే తమ్ముడితోనో మేనల్లుడితోనో రీచార్జి వేయిస్తూ ఉండాలి. పాత కీప్యాడ్ ఫోనులో సిమ్ వేసి బీరువాలో పెట్టి వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. ఛార్జింగ్ పెట్టేదెవరు?

ఇక గ్రీన్‌కార్డు తీసుకుని వెళ్ళినవాళ్ళ సంగతి. విదేశీ మారక ద్రవ్య చట్టం, అదే 1999 నాటి ఫెమా, రోజులతో పాటు ఉద్దేశాన్నీ చూస్తుంది. ఎంతకాలం ఉంటారో చెప్పలేని విధంగా పరాయి దేశానికి మకాం మార్చినవాళ్ళు ఆ చట్టం దృష్టిలో విదేశంలో నివసించే మనిషి అయినట్టే, అప్పటినుంచి మామూలు సేవింగ్స్ ఖాతా వాళ్ళ పేరున ఉండకూడదు, దాన్ని ఎన్నారైలకు ఇచ్చే ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్పించుకోవాలి. పింఛను, ఇంటద్దె, కౌలు డబ్బులు, వడ్డీ అన్నీ అందులోనే పడతాయి. బయటినుంచి చూస్తే పాస్‌బుక్ మీద ఒక ముద్ర మారినట్టుంటుంది గానీ కొన్ని బ్యాంకుల్లో ఖాతా నంబరే మారిపోతుంది. నంబరు మారితే ఆ వారంలోనే ట్రెజరీకి వెళ్ళి కొత్త పాస్‌బుక్ మొదటి పేజీ జిరాక్సు ఇచ్చి మార్పించుకోవాలి, లేకపోతే ఒకటో తారీఖున పింఛను మూతపడ్డ ఖాతా దాకా పోయి వెనక్కి తిరుగుతుంది.

చాలామంది ఈ మార్పిడి జోలికి పోరు. "మనకెందుకొచ్చిన గొడవ, అట్టా ఉండనీ" అంటారు, పైగా అలా సలహా ఇచ్చేవాళ్ళు ప్రతి వీధిలోనూ ఉంటారు. నిజమే, పింఛను ఖాతా మార్చలేదని ఎవరూ కావలి దాకా వెతుక్కుంటూ రారు. కానీ రేపు ఉన్న ఒక్క ప్లాటో, మూడెకరాల పొలమో అమ్మి ఆ డబ్బు అమెరికాకు పంపాలనుకున్నప్పుడు బ్యాంకు వెనక్కి తవ్వుతుంది, అప్పటిదాకా ఖాతా స్థానికుడిగా నడిచిందని తేలితే తలనొప్పి మొదలవుతుంది. ఉల్లంఘన అయిన మొత్తానికి మూడింతల దాకా జరిమానా వేసే అధికారం ఆ చట్టంలో ఉంది.

దాచడానికి కారణం భయమొక్కటే అనుకోకూడదు, మార్చుకుంటే నష్టం కూడా ఉంది, అది కంటికి కనపడే నష్టం. అదే హెడ్మాస్టరుకు గ్రాట్యుటీ, కమ్యుటేషన్ (పింఛనులో కొంత ముందే ఒకేసారి తీసుకున్న) డబ్బు 20 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉందనుకుందాం, 7 శాతం వడ్డీ, అంటే ఏడాదికి లక్షా 40 వేలు. స్థానికుడిగా ఉన్నంతకాలం 60 దాటినవాళ్ళకు లక్ష రూపాయల వడ్డీ దాకా బ్యాంకు పన్ను కోయదు, దాటినా పన్ను కోయొద్దని రాసిచ్చే 15హెచ్ కాగితం ఇస్తే సరిపోయేది. ఎన్‌ఆర్‌ఓ అయిన రోజునుంచి ఆ లక్ష వెసులుబాటూ లేదు, 15హెచ్ చెల్లదు, మొదటి రూపాయి నుంచే సెస్సుతో కలిపి 31.2 శాతం కోత. అంటే 43,680 రూపాయలు.

ఇప్పుడు ఇన్‌కంటాక్స్ లెక్క వేసి చూస్తే, కొత్త పద్ధతిలో 2025-26 రేట్ల ప్రకారం, పింఛను 6 లక్షల్లో 75 వేలు స్టాండర్డ్ డిడక్షన్ పోతే 5 లక్షల 25 వేలు, వడ్డీ కలిపితే 6 లక్షల 65 వేలు. మొదటి 4 లక్షలకు పన్ను లేదు, మిగతా 2 లక్షల 65 వేలకు 5 శాతం 13,250, సెస్సుతో 13,780. స్థానికుడైతే ఇంతే ఆదాయానికి కట్టాల్సింది సున్నా, ఎందుకంటే 12 లక్షల దాకా పన్ను మాఫీ చేసే రిబేటు ఉంది. ఆ రిబేటు స్థానికులకే, ఎన్నారైలకు లేదు. "12 లక్షల దాకా పన్నే లేదంట" అని ధీమాగా ఉన్న ఎన్నారై పింఛనుదారులు దెబ్బతినేది ఇక్కడే. కోసుకున్న 43,680లో ఈ 13,780 పోగా మిగిలిన 29,900 తిరిగి రావాలంటే రిటర్ను వేయాలి. వేయకపోతే ఆ డబ్బు మీద ఆశ వదులుకోవాల్సిందే.

అయితే ఇన్‌కంటాక్స్ వాళ్ళు ఎవర్ని ఎన్నారై అంటారన్నది రోజుల లెక్క, ఉద్దేశం వాళ్ళకు పట్టదు. ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఏడాదిలో 182 రోజులు ఇక్కడ ఉంటే స్థానికుడు. అంత లేకపోయినా, ఆ ఏడాది 60 రోజులు, వెనకటి నాలుగేళ్ళలో కలిపి 365 రోజులు ఉంటే కూడా స్థానికుడే. ఉద్యోగం కోసం వెళ్ళేవాళ్ళకు ఈ 60 రోజుల నిబంధన నుంచి మినహాయింపు ఉంది గానీ కొడుకు దగ్గరికి వెళ్ళే తండ్రికి లేదు. జులై 1న విమానమెక్కాడనుకోండి, ఏప్రిల్, మే, జూన్ కలిపి 91 రోజులు ఇక్కడే ఉన్నాడు, జీవితమంతా ఇక్కడే ఉన్నాడు, కాబట్టి ఆ ఏడాదికి స్థానికుడే, రిబేటు దక్కుతుంది. మరుసటి ఏడాది నుంచి చూసిపోవడానికి వచ్చే మనిషికి మళ్ళీ 182 రోజుల లెక్కే, ఇక్కడి ఆదాయం 15 లక్షలు దాటినవాళ్ళకు మాత్రం 120 రోజుల నుంచే మొదలవుతుంది. సగం ఏడాది పైన నెల్లూరులో ఉంటే పన్ను తప్పించుకోవచ్చు కదా అనిపిస్తుంది, కానీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు ఆర్నెల్లకు మించి అమెరికా బయట ఉండి తిరిగి వెళితే విమానాశ్రయంలో ప్రశ్నలు పడతాయి, ముందుగా రీఎంట్రీ పర్మిట్ తీసుకోకుండా ఏడాది దాటితే కార్డుకే ఎసరు. 13,780 రూపాయల కోసం గ్రీన్‌కార్డు పోగొట్టుకునే లెక్క ఎవరూ వేయరనుకోండి.

పంపక తప్పనివాళ్ళ సంగతికి వద్దాం. కొడుకుతో పడక వేరే ఉండేవాళ్ళు, అక్కడ సొంతంగా బీమా కట్టుకునేవాళ్ళు, ఇక్కడ ఎవరూ లేనివాళ్ళు. ఎన్‌ఆర్‌ఓ నుంచి ఏడాదికి పది లక్షల డాలర్ల దాకానే పంపొచ్చని అందరూ చెప్తారు, అది ఇల్లూ పొలమూ అమ్మిన డబ్బుకు, ఖాతాలో పోగుపడ్డ నిల్వకు. పింఛను, అద్దె, వడ్డీ లాంటి రాబడి ఆ లెక్కలోకి రాదు, పన్ను తేలిన తర్వాత ఎంతైనా పోవచ్చు. బ్యాంకు 15సీఏ ఫారం అడుగుతుంది, అది ఇన్‌కంటాక్స్ పోర్టల్‌లో మనం నింపేది. ఏడాదిలో పంపేది 5 లక్షలు దాటితే ఆడిటరు సంతకంతో 15సీబీ కావాలి. 1961 నాటి చట్టం స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 చట్టం వచ్చింది కాబట్టి ఫారాల నంబర్లు మారతాయి, కానీ ఆడిటర్ల నోట్లో, బ్యాంకు కౌంటర్లలో ఇంకా కొన్నేళ్ళు ఈ పాత పేర్లే వినపడతాయి, అందుకే అవే రాస్తున్నాం.

నెలనెలా పంపడం దండగ. ప్రతిసారీ బ్యాంకు చార్జీ, మధ్యలో ఇంకో బ్యాంకు కోసుకునేది, అన్నిటికీ మించి బ్యాంకు చెప్పే డాలరు రేటుకూ బజారు రేటుకూ ఉండే తేడా, అది రసీదులో ఎక్కడా చార్జీగా కనపడదు. 50 వేలు పన్నెండుసార్లు పంపేకన్నా లక్షన్నర చొప్పున నాలుగుసార్లు పంపితే చార్జీలు మూడో వంతుకు పడిపోతాయి, ఆడిటరు దగ్గరికి తిరుగుడూ తగ్గుతుంది. ఇంకో దారి ఎన్‌ఆర్‌ఈ ఖాతా. పన్ను తేలిన పింఛనును ఎన్‌ఆర్‌ఓ నుంచి ఎన్‌ఆర్‌ఈకి మళ్ళించుకుంటే ఆ వడ్డీ మీద ఇక్కడ పన్ను లేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికి పోతుంది. తమ్ముణ్ణి ఖాతాకు మాండేట్‌గా, అంటే మన తరఫున ఖాతా నడిపే మనిషిగా పెట్టుకోవచ్చు, ఇక్కడి కరెంటు బిల్లూ ఇంటి పన్నూ ఆయన కడతాడు. విదేశానికి పంపే విషయంలో మాత్రం ఖాతాదారుడికి తప్ప ఇంకెవరికీ పంపే అధికారం ఆయనకు ఉండదు.

అమెరికా వైపు చూస్తే గ్రీన్‌కార్డు చేతికొచ్చిన రోజునుంచి ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా అక్కడ చెప్పాల్సిందే. రెండు దేశాల మధ్య 1989లో కుదిరిన పన్నుల ఒప్పందంలో ప్రభుత్వ పింఛను ఇచ్చిన దేశంలోనే పన్ను అని ఒక మాట ఉంది, దాన్ని చూసి చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. కానీ అదే ఒప్పందంలో ముందెక్కడో ఇంకో మాట ఉంది, అమెరికా తన పౌరుల మీదా, వలసదారు హోదాతో వచ్చి ఉంటున్నవాళ్ళ మీదా పన్ను వేసుకునే హక్కు వదులుకోలేదు. ఇక్కడ కట్టిన పన్నును అక్కడ తగ్గించుకోవచ్చు, అంతవరకే. ఆచరణలో భయపడాల్సింది లేదు, ఏడాది పింఛను 7 వేల డాలర్లకు అటూఇటూ, 2025లో దంపతులకు మామూలు మినహాయింపే 31,500 డాలర్లు, వయసు వల్ల ఇంకా కలుస్తుంది. పన్ను సున్నా.

సున్నా కానిది ఎఫ్‌బార్. అమెరికా బయట ఉన్న ఖాతాలన్నిట్లో కలిపి ఏడాదిలో ఏ ఒక్కరోజైనా 10 వేల డాలర్లు దాటితే ఆ ఖాతాల వివరాలు అక్కడి ఖజానా శాఖకు తెలపాలి. రూపాయల్లో అది దాదాపు 9 లక్షలు. హెడ్మాస్టరు డిపాజిట్ 20 లక్షలు, గీత ఎప్పుడో దాటేసింది. పన్ను రిటర్ను వేయనక్కర్లేని మనిషి కూడా ఇది వేయాలి, డబ్బేమీ కట్టనక్కర్లేదు, ఆన్‌లైన్‌లో అరగంట పని. వేయకపోతే మాత్రం తెలియక చేసినా జరిమానా 10 వేల డాలర్లు దాటే దాకా పోవచ్చు. కొడుకులు సాఫ్ట్‌వేర్ వాళ్ళే, తమ ఎఫ్‌బార్ ఠంచనుగా వేస్తారు, నాన్నకు కూడా ఉంటుందన్న ఊహే రాదు.

ఇంత చెప్పుకున్నా పింఛను ఆగిపోవడానికి పైవేవీ కారణాలు కావు. ఆగేది లైఫ్ సర్టిఫికెట్ దగ్గర. కేంద్ర పింఛనుదారులకు నవంబరు, 80 దాటినవాళ్ళకు అక్టోబరు నుంచే, రాష్ట్ర పింఛనుదారులకు ట్రెజరీ చెప్పిన గడువు. గడువు దాటితే పింఛను నిలిచిపోతుంది, సర్టిఫికెట్ అందాక బకాయితో సహా వస్తుంది, పోదు. కానీ ఆ మధ్య నెలల్లో ఇంట్లో ఉండే టెన్షన్ చెప్పనలవి కాదు. కావలిలో ట్రెజరీ తలుపులు తీసే పదిన్నరకు చలికాలంలో డాలస్‌లో రాత్రి 11. ముసలాయన నిద్ర ఆపుకుని ఫోన్ చేస్తాడు, అవతల రింగవుతూనే ఉంటుంది.

2014 నవంబరులో ఆన్‌లైన్‌లోనే లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చుకునే జీవన్ ప్రమాణ్ వచ్చింది, మొదట్లో వేలిముద్ర ఉండేది, వయసు మీద పడి గీతలు అరిగిపోయిన వేళ్ళను ఆ పరికరం గుర్తుపట్టేది కాదు. 2021 నుంచి ముఖం చూపిస్తే చాలు. ఫోనులో రెండు యాప్‌లు కావాలి, జీవన్ ప్రమాణ్ ఒకటి, ఆధార్ ఫేస్ ఆర్‌డీ ఒకటి. కిటికీకి ఎదురుగా వెలుతురు ముఖం మీద పడేలా కూర్చోబెట్టి, కళ్ళజోడు తీయించి, గుండ్రంలో ముఖం పట్టేలా ఫోను పట్టుకోవాలి. కళ్ళు ఆర్పమంటుంది. ఆర్పితే సరే, లేకపోతే మళ్ళీ మొదటికి. మనవరాలు "తాతయ్యా, బ్లింక్! బ్లింక్!" అంటుంటే ఆయన రెప్ప వాల్చకుండా చూస్తుంటాడు. అది పూర్తయి ప్రమాణ్ నంబరు మెసేజి వచ్చినంత మాత్రాన పని అయినట్టు కాదు. పింఛను మంజూరు చేసిన శాఖ, పంచే ఆఫీసు, పీపీఓ (పింఛను చెల్లింపు ఉత్తర్వు) నంబరు ఇవి నింపేచోట ఒకటి తప్పు పడినా సర్టిఫికెట్ తయారవుతుంది, తర్వాత అవతల తిరస్కరిస్తారు, అందుకే వారం ఆగి జీవన్ ప్రమాణ్ సైట్‌లో అంగీకరించారో లేదో చూసుకోవాలి. యాప్ మొరాయిస్తే పాత దారి ఉండనే ఉంది, హ్యూస్టన్‌లోనో షికాగోలోనో ఉన్న భారత కాన్సులేట్ సంతకంతో కాగితం తెప్పించుకుని పోస్టులో పంపడం.

వీటన్నిటికన్నా మొండి సమస్య పేరు. పీపీఓలో ఇంటిపేరు పొడి అక్షరంతో ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, పైగా చివర. ఆధార్‌లో ఇంకో రకం. మనకు ముగ్గురూ ఒకరే, కంప్యూటరుకు ముగ్గురు మనుషులు. ఆయన పేరైతే ఎలాగో సర్దుతారు, ఆయనే వెళ్ళి సంతకం పెట్టగలడు కాబట్టి. భార్య పేరు దగ్గర అసలు కష్టం. పీపీఓలో కుటుంబ పింఛను గడిలో ఆమె పుట్టింట పిలిచిన పేరుంటుంది, పుట్టినతేదీ ఒక్కోసారి ఖాళీగానే ఉంటుంది. ఆయన డాలస్‌లో పోయారనుకోండి, అక్కడి మరణ ధ్రువపత్రానికి, అది ఇక్కడ చెల్లేలా అపోస్టిల్ ముద్ర వేయించి పంపాలి, ఆమె పేరు ఆమెదేనని నిరూపించుకోవాలి, అదంతా అయ్యేదాకా కుటుంబ పింఛను మొదలవదు. ఈలోపు ఖాతాలో పడిన ఆయన పింఛను తిరిగి లాక్కుంటారు.

టికెట్లు బుక్ చేసుకున్న తర్వాత ఏ బ్యాంకుకు పోవాలి, ఏ ఆడిటరు మంచివాడు అని ఆలోచించే ముందు, పీపీఓ పుస్తకం, ఇద్దరి పాస్‌పోర్టులు, ఇద్దరి ఆధార్‌లు సంచిలో వేసుకుని ఆవిణ్ణి కూడా వెంటబెట్టుకుని సబ్ ట్రెజరీకి ఒక పూట పోవాలి. ఆ గడిలో ఏం రాసుందో ఆవిడ ముందే చదివించుకోవాలి.